కామ్ కింద ఉంటే ఏమిటి, పైన ఉంటే ఏమిటి?

పుష్‌రాడ్‌ను, అంటే కొన్ని కార్ల ఇంజిన్లలో వాల్వులు తెరవడానికి తోసే పుల్లను, ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలి. జనరల్ మోటార్స్ వారి ఎల్ఎస్ వీ8 ఇంజిన్‌లోది అయితే 19 సెంటీమీటర్ల దాకా పొడవు, 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండు కొనలూ గోళీల్లా నున్నగా, గుండ్రంగా ఉంటాయి. లోపల బోలు. ఒక కొన దగ్గర ఊదితే రెండో కొన నుంచి గాలి వస్తుంది. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ఈ బోలులోంచే పైకెక్కి రాకర్లను తడుపుతుంది. అది వంగిందో లేదో తెలుసుకోవాలంటే మెకానిక్‌లు అద్దం ముక్క మీద పెట్టి దొర్లిస్తారు. తిన్నగా ఉంటే చప్పుడు లేకుండా దొర్లుతూ పోతుంది. ఏ కాస్త వంగినా టకటకమని ఎగిరెగిరి పడుతుంది.

అంతే, ఒక గొట్టపు పుల్ల. కానీ కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్ళు నలుగురు చేరితే ఈ పుల్ల చుట్టూ వాదన మొదలవుతుంది. పుష్‌రాడ్ అంటే పాతకాలం, ఓవర్‌హెడ్ కామ్ అంటే కొత్తకాలం అని ఒకరు. పుష్‌రాడ్ అంటే టార్క్ (తిప్పే బలం), ఓవర్‌హెడ్ కామ్ అంటే స్పీడు అని ఇంకొకరు. ఈ రెండు మాటలూ వినడానికి సరిగ్గానే అనిపిస్తాయి, రెంటిలోనూ సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే మనం ఇంజిన్‌ను దేనితో కొలుస్తున్నామో ముందు చూసుకోవాలి. నా మటుకు నాకు ఈ వాదనలో పేచీ అంతా కొలబద్ద దగ్గరే ఉంది.

ముందు పని ఏమిటో చూద్దాం. సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు రావడానికి ఇన్‌టేక్ వాల్వ్, కాలిన పొగ పోవడానికి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉంటాయి. వాటిని సమయానికి తెరిచేది కామ్‌షాఫ్ట్. అదొక ఇనుప కడ్డీ. దాని మీద వాల్వుల కోసం గుడ్డు ఆకారంలో ఉబ్బులు ఉంటాయి. కడ్డీ తిరిగి ఉబ్బు వచ్చినప్పుడు వాల్వ్ కిందికి నొక్కుకుని తెరుచుకుంటుంది, ఉబ్బు దాటిపోగానే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి మూస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒకసారి తిరుగుతుంది.

ఈ కడ్డీని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. పుష్‌రాడ్ ఇంజిన్‌లో అది కింద, సిలిండర్లుండే దిమ్మ అయిన బ్లాక్‌లో, క్రాంక్‌షాఫ్ట్‌కు దగ్గరగా ఉంటుంది. వాల్వులేమో పైన, బ్లాక్‌కు మూతలా ఉండే హెడ్‌లో. కింది కదలికను పైకి చేర్చాలి కాబట్టి ఉబ్బు మీద లిఫ్టర్ అనే చిన్న ముక్క, లిఫ్టర్ మీద పుష్‌రాడ్, దాని పై కొన మీద రాకర్ ఉంటాయి. రాకర్ పిల్లల పార్కులో తూగుడు బల్ల లాంటిది. ఒక వైపు పుష్‌రాడ్ ఎత్తితే రెండో వైపు దిగి వాల్వ్‌ను నొక్కుతుంది. ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్‌లో కామ్‌షాఫ్టే పైకెక్కి వాల్వుల నెత్తి మీద కూర్చుంటుంది. మధ్యలో పుల్ల అక్కర్లేదు. హెడ్‌కు ఒక కామ్ ఉంటే ఎస్ఓహెచ్‌సీ, ఇన్‌టేక్‌కు ఒకటి ఎగ్జాస్ట్‌కు ఒకటి చొప్పున రెండు ఉంటే డీఓహెచ్‌సీ.

పేర్ల దగ్గర ఒక చిక్కు ఉంది. పుష్‌రాడ్ ఇంజిన్లను ఓహెచ్‌వీ అని కూడా అంటారు, అంటే వాల్వులు పైన ఉన్నవి అని. మరి ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్‌లోనూ వాల్వులు పైనే ఉంటాయి కదా! ఆ పేరు పుట్టింది ఓవర్‌హెడ్ కామ్‌తో పోల్చుకోవడానికి కాదు. అంతకు ముందున్న ఫ్లాట్‌హెడ్ ఇంజిన్లతో పోల్చడానికి. ఫోర్డ్ మోడల్ టీ లాంటి ఆ కార్లలో వాల్వులు సిలిండర్ పక్కనే, బ్లాక్‌లో ఉండేవి. పేరు అలా నిలిచిపోయి ఇప్పటికీ తికమక పెడుతోంది.

ఇప్పుడు పుల్ల వల్ల వచ్చే ఇబ్బంది. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతోందనుకోండి. క్రాంక్ సెకనుకు 100 చుట్లు, కామ్ 50 చుట్లు. అంటే ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. క్రాంక్ చుట్టులో 250 డిగ్రీల సేపు వాల్వ్ తెరిచి ఉంటుందని లెక్కేస్తే, ఆ పనికి దొరికే సమయం సుమారు 7 మిల్లీసెకన్లు. మనిషి కంటి రెప్ప ఒకసారి పడి లేవడానికి పట్టే సమయంలో ఎన్నోవంతో చెప్పాలి! ఆ 7 మిల్లీసెకన్లలో వాల్వ్ బయలుదేరి, సెంటీమీటరు దాకా దిగి, ఆగి, వెనక్కి తిరిగి, తన సీటు మీద మెత్తగా కూర్చోవాలి. తెరవడం కామ్ బలంతో జరుగుతుంది కాబట్టి దానికి అడ్డులేదు. వెనక్కి తేవలసింది మాత్రం స్ప్రింగ్. లిఫ్టర్, పుష్‌రాడ్, రాకర్, వాల్వ్, అన్నిటినీ కలిపి అదొక్కటే వెనక్కి నెట్టుకురావాలి. ఎంత బరువు ఉంటే స్ప్రింగ్‌కు అంత కష్టం.

వేగం పెరిగేకొద్దీ ఈ కష్టం మామూలుగా పెరగదు. వేగానికి వర్గంలా పెరుగుతుంది. 6,000 నుంచి 9,000కు వెళితే వేగం ఒకటిన్నర రెట్లే, కావలసిన బలం మాత్రం రెండుంబావు రెట్లు. ఒక దశలో స్ప్రింగ్ చేతులెత్తేస్తుంది. ఉబ్బు దాటిపోయినా వాల్వ్ ఇంకా గాల్లోనే ఉంటుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. పవర్ పడిపోతుంది. ఇంకాస్త ముందుకు వెళితే పైకి వచ్చే పిస్టన్ వాల్వ్‌ను గుద్దుతుంది.

గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోదా అంటే, అక్కడే పుల్ల అసలు రంగు బయటపడుతుంది. స్ప్రింగ్ గట్టిదైతే పుష్‌రాడ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడికి అది విల్లులా రవ్వంత వంగుతుంది, వంగినప్పుడు దాచుకున్న బలంతో మళ్ళీ విదిలించుకుంటుంది. కామ్ గీసిన ఉబ్బు ఆకారం ఒకటి, వాల్వ్ నిజంగా కదిలిన తీరు ఇంకొకటి అవుతుంది. ఇది కంటికి కనపడని వంపు, అద్దం మీద దొర్లిస్తే దొరికేది కాదు. అందుకే రేసు ఇంజిన్లు చేసేవాళ్ళు తేలికైన పుష్‌రాడ్ కంటే లావుగా, గట్టిగా ఉన్న పుష్‌రాడ్‌నే కోరుకుంటారు. పుష్‌రాడ్ వైపు బరువు కాస్త పెరిగినా ఫర్వాలేదు, వంగకుండా ఉంటే చాలు. పట్టుదలగా ఆ దారిలో వెళితే పుల్లతోనూ ఎంతో దూరం పోవచ్చు. అమెరికాలో జరిగే నాస్కార్ కప్ కారు పందేల్లో పుష్‌రాడ్ వీ8లు 9,000 ఆర్‌పీఎం దాటి గంటల తరబడి తిరిగాయి. ఆ ఇంజిన్లలో పడ్డ శ్రమ, ఖర్చు రోడ్డు కారు మోయలేనివి.

ఓవర్‌హెడ్ కామ్‌లో ఈ గొడవ చాలా మటుకు ఉండదు. కామ్‌కూ వాల్వ్‌కూ మధ్య చిన్న బకెట్ లాంటి ముక్కో, వేలెడంత ఫాలోవరో ఉంటుంది. బరువు తక్కువ, వంగేదేమీ లేదు. హోండా ఎస్2000లోని రెండు లీటర్ల ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగేది, అదీ వారంటీ ఇచ్చి అమ్మిన రోడ్డు కారులో.

అయితే ఓవర్‌హెడ్ కామ్ ఖాతాలో వేసే పుణ్యంలో పెద్ద వాటా నిజానికి ఇంకొకరిది. సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెట్టడానిది. కాగితం మీద ఒక వృత్తం గీసి, లోపల రెండు సమాన వృత్తాలు పట్టినంత పెద్దగా గీయండి. ఆ రెంటి వైశాల్యం పెద్ద వృత్తంలో సరిగ్గా సగం. ఇప్పుడు రెండు బదులు నాలుగు గీయండి. మొత్తం వైశాల్యం 69 శాతం దాకా వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది చుట్టుకొలత. వాల్వ్ కొద్దిగా తెరుచుకున్నప్పుడు గాలి దూరేది దాని అంచు చుట్టూ ఉన్న సందులోంచే. ఒక పెద్ద ఇన్‌టేక్ వాల్వ్ అంచుతో పోలిస్తే రెండు చిన్న వాల్వుల అంచులు కలిపి 65 శాతం పైగా ఎక్కువ. పైగా ఒక్కో వాల్వ్ తేలిక. నాలుగింటి మధ్యలో స్పార్క్ ప్లగ్ నడిబొడ్డున కూర్చుంటుంది కాబట్టి మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. నిజం హెడ్‌లో ఇన్‌టేక్ పెద్దది, ఎగ్జాస్ట్ చిన్నది చేస్తారు, వాల్వులను వాలుగా పెడతారు, కాబట్టి ఈ అంకెలు అచ్చంగా అలాగే రావు. దిశ మాత్రం మారదు.

మరి పుష్‌రాడ్‌తో నాలుగు వాల్వులు పెట్టలేమా? పెట్టొచ్చు, పెట్టారు కూడా. కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ 24 వాల్వులతో వచ్చింది, పుష్‌రాడ్‌లతోనే. ఒక్కో రాకర్ కింద చిన్న వంతెన లాంటి ముక్క పెట్టి రెండేసి వాల్వులను ఒకేసారి నొక్కిస్తారు. 3,000 ఆర్‌పీఎం దాటాల్సిన పని పెద్దగా లేని డీజిల్‌కు అది హాయిగా సరిపోతుంది. కానీ పెట్రోలు ఇంజిన్‌లో వేగంగా తిప్పాలంటే ఆ వంతెనల బరువు కూడా తోడవుతుంది. పైగా పుష్‌రాడ్‌లు పైకి వెళ్ళే దారి ఇన్‌టేక్ పోర్టుల, అంటే హెడ్‌లో గాలి వచ్చే దారుల, పక్కనుంచే. పుల్లకు దారి ఇవ్వాలంటే పోర్టును సన్నం చేయాలి, లేదా వంపు తిప్పాలి. అలా కామ్ ఉన్న చోటు వాల్వుల సంఖ్యనూ, పోర్టు ఆకారాన్నీ చెప్పకుండానే నిర్ణయిస్తుంది. పుష్‌రాడ్‌కు పడే అసలు దెబ్బ నా లెక్కలో ఇదే, పుల్ల బరువు ఆ తర్వాతే.

ఇక పాతదేది, కొత్తదేది అన్న సంగతి. డబుల్ ఓవర్‌హెడ్ కామ్, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఈ రెండూ కలిపిన ప్యూజో రేసు కారు 1912లోనే వచ్చింది. ఆ ఏడాది ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో జార్జ్ బొయిలో 7.6 లీటర్ల ఇంజిన్ ఉన్న ప్యూజోతో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన ఫియట్ ఇంజిన్ 14 లీటర్లు! సగం సైజుతో పెద్దదాన్ని కొట్టడానికే ఆ ఏర్పాటు పుట్టిందని అక్కడే కనపడుతుంది. మరుసటి ఏడు జూల్ గూ ప్యూజోతోనే అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 రేసు కూడా గెలిచాడు. అదే సమయంలో అమెరికా రోడ్ల మీద నడిచే కార్లలో చాలా వాటికి వాల్వులు ఇంకా సిలిండర్ పక్కనే, బ్లాక్‌లోనే ఉన్నాయి. బ్యూయిక్ 1904 నుంచే పుష్‌రాడ్‌తో వాల్వులను పైకి తెచ్చింది కానీ, ఫోర్డ్ తన ఫ్లాట్‌హెడ్ వీ8ను అమెరికాలో 1953 దాకా అమ్ముతూనే ఉంది.

పుష్‌రాడ్‌కు మంచి రోజులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చాయి. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు దొరకడం మొదలైంది. దాన్ని వాడుకోవాలంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే మోతాదు) పెంచాలి, ఫ్లాట్‌హెడ్‌తో అది కుదరదు. 1949లో ఓల్డ్స్‌మొబీల్, క్యాడిలాక్ కొత్త పుష్‌రాడ్ వీ8లు తెచ్చాయి. 1955లో షెవ్రొలే 4.3 లీటర్ల స్మాల్ బ్లాక్ వచ్చింది. దాని చీఫ్ ఇంజినీర్ ఎడ్ కోల్. ఆ ఇంజిన్‌లో రాకర్ రేకును నొక్కి చేసిన చిన్న ముక్క. తేలిక, చవక, ఒక్కో రాకర్ తన సొంత బోల్టు మీద తూగుతుంది. నాకు అది ఇంజినీరింగ్‌లో ఎప్పటికీ ముద్దొచ్చే ముక్క. అంటే రోడ్డు కార్ల వీ8లలో పుష్‌రాడ్ రాజ్యమేలింది డబుల్ ఓవర్‌హెడ్ కామ్ పుట్టిన 40 ఏళ్ళ తర్వాత. పాతదాన్ని కొత్తది తరిమేసిందన్న కథ తేదీల దగ్గరే ఆగిపోతుంది.

మరి యూరప్, జపాన్ ఎందుకు పైకెక్కాయి, అమెరికా ఎందుకు కిందే ఉండిపోయింది? చాలా వరకు పన్నుల వల్ల. ఇటలీలో రెండు లీటర్లు దాటిన ఇంజిన్ మీద పన్ను బాగా ఎక్కువగా ఉండేది. ఆ గీత దాటకుండా ఉండాలని ఫెరారీ సైతం 1975లో 208 జీటీ4 అనే కారులో రెండు లీటర్ల లోపు వీ8 పెట్టింది. ఎనిమిది సిలిండర్లు కలిపి 1,991 సీసీ! జపాన్‌లో కే కార్లనే చిన్న కార్ల తరగతికి సీసీ పరిమితి ఉంది, ఒకప్పుడు 360, ఇప్పుడు 660. పెద్ద కార్లకూ ఏటా కట్టే పన్ను సీసీని బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. హోండా మొదటి నాలుగు చక్రాల బండి టీ360 ఒక చిన్న ట్రక్కు. 1963లో వచ్చిన ఆ సరుకుల బండికి కూడా డబుల్ ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్ పెట్టారు. 360 సీసీ లోపలే సరిపెట్టుకోవాలి మరి, ఎక్కువ తిప్పడం తప్ప దారేముంది? రేసుల్లోనూ తరగతులన్నీ లీటర్ల లెక్కనే. సీసీకి ధర కట్టే చోట ప్రతి సీసీ నుంచీ పిండుకోవాలి. అమెరికాలో సీసీకి ఆ పన్ను పోటు లేదు. ఎక్కువ పవర్ కావాలా, సిలిండర్ బోరు పెంచితే పోయింది.

లీటరుకు ఇన్ని హార్స్‌పవర్ అన్న కొలబద్ద ఇలా వచ్చింది. పన్ను కట్టే చోట, రేసు నియమాలు రాసే చోట అది చాలా న్యాయమైన కొలత. కానీ కారుకు తన ఇంజిన్ లోపల ఎన్ని లీటర్ల ఖాళీ ఉందో తెలియదు. అది మోసేది ఖాళీని కాదు, ఇనుమునూ అల్యూమినియంనూ. దానికి కావలసింది బానెట్ కింద పట్టేంత సైజు, తక్కువ బరువు, తక్కువ ఎత్తు. ఈ కొలబద్దతో చూస్తే లెక్క తలకిందులవుతుంది, ముఖ్యంగా వీ ఆకారపు ఇంజిన్లలో.

ఇది ఎలాగో కాస్త నెమ్మదిగా చూడాలి. వీ8లో రెండు వరసల సిలిండర్లు వాలుగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య, వీ ఒడిలో, ఎలాగూ ఖాళీ చోటు ఉంటుంది. పుష్‌రాడ్ ఇంజిన్‌లో ఒకే ఒక్క కామ్ ఆ ఒడిలో పడుకుని రెండు వరసలకూ పని చేస్తుంది. హెడ్‌లో మిగిలేవి స్ప్రింగులు, రాకర్లు మాత్రమే, కాబట్టి హెడ్ పల్చగా ఉంటుంది. అదే డబుల్ ఓవర్‌హెడ్ కామ్ చేస్తే ఒక్కో వరస నెత్తి మీదా రెండేసి, మొత్తం నాలుగు కామ్‌లు. బరువంతా పైకెక్కుతుంది, ఇంజిన్ వెడల్పూ ఎత్తూ పెరుగుతాయి. ఫోర్డ్ 4.6 లీటర్ల డబుల్ ఓవర్‌హెడ్ కామ్ వీ8ను, జనరల్ మోటార్స్ 5.7 లీటర్ల పుష్‌రాడ్ ఎల్ఎస్1ను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు తెలుసు, పెద్ద లీటర్ల ఇంజినే బయటికి చిన్నది. అందుకే ఎల్ఎస్‌ను ఏ కారులో పడితే ఆ కారులో కుక్కేస్తుంటారు. నాలుగు సిలిండర్లు ఒకే వరసలో నిలబడ్డ మామూలు ఇంజిన్‌కు ఈ లాభం రాదు. అక్కడ వీ లేదు, ఒడి లేదు, కింద పెట్టినా పైన పెట్టినా ఒక కామ్ ఎలాగూ కావాలి. కాబట్టి చిన్న కార్లన్నీ ఓవర్‌హెడ్ కామ్‌కు వెళ్ళిపోవడం, పెద్ద వీ8లు కొన్ని పుష్‌రాడ్‌ను పట్టుకుని ఉండడం మొండితనం కాదు, జామెట్రీ.

ఈ రెండు కొలబద్దలనూ ఒకే కారు మీద పెట్టి చూసే అవకాశం ఇప్పుడుంది. 2020లో వచ్చిన షెవ్రొలే కార్వెట్ స్టింగ్రేలో 6.2 లీటర్ల పుష్‌రాడ్ వీ8 ఉంది, 495 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. అదే కారులో 2023 జెడ్06 రకానికి 5.5 లీటర్ల డబుల్ ఓవర్‌హెడ్ కామ్ వీ8 పెట్టారు, 670 హార్స్‌పవర్. లీటరుకు 80 ఒకటి, 122 ఇంకొకటి. ఇంత తేడా చూసి పుష్‌రాడ్ పని అయిపోయిందనిపిస్తుంది. ఇప్పుడు టార్క్ చూడండి. మొదటిది సుమారు 637 న్యూటన్ మీటర్లు, రెండోది సుమారు 624. దాదాపు ఒకటే! లీటరు లెక్కన చూస్తే చిన్న ఇంజిన్ పది శాతం పైచిలుకు ముందుంది, నాలుగు వాల్వుల చలవ కొంత అందులో ఉంది. మిగిలిన తేడా అంతా వేగం. హార్స్‌పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించడమే కదా. పుష్‌రాడ్ ఇంజిన్ 6,450 దగ్గర శిఖరానికి చేరితే, రెండోది అదే టార్క్‌ను పెద్దగా జారవిడుచుకోకుండా 8,400 దాకా మోసుకుపోతుంది.

పుష్‌రాడ్ అంటే టార్క్ అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. కింది ఆర్‌పీఎంలో బలం పుల్ల వల్ల రాదు. లీటర్లు ఎక్కువ ఉండడం వల్ల, కామ్ ఉబ్బుల ఆకారం, పోర్టుల సైజు తక్కువ వేగానికి తగ్గట్టు పెట్టుకోవడం వల్ల వస్తుంది. పుష్‌రాడ్ ఇంజిన్ ఎలాగూ బాగా పైకి తిరగదు కాబట్టి దాన్ని కింది వేగానికే తీర్చిదిద్దుతారు, అలా పేరొచ్చింది. బెంట్లీ వీ8 కథ అలాంటిదే. 1959లో పుట్టి, తర్వాత ఆరూముప్పావు లీటర్లకు పెరిగి, 2020 దాకా తయారైన పుష్‌రాడ్ ఇంజిన్ అది. ముల్సాన్ కారులో 1,750 ఆర్‌పీఎంకే 1,020 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది, రెండు టర్బోల సాయంతో. ఖర్చుకు వెనుకాడని కంపెనీ పుష్‌రాడ్‌ను 61 ఏళ్ళు ఉంచుకుందంటే, చప్పుడు చేయకుండా తోసే కారుకు 7,000 ఆర్‌పీఎంతో పనిలేదు కాబట్టే.

కొలబద్ద మారితే గెలుపు ఎలా మారుతుందో 1994 ఇండియానాపొలిస్ 500లో కళ్ళకు కట్టినట్టు కనపడింది. అక్కడి నియమాల ప్రకారం టర్బో పెట్టిన ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్ 2.65 లీటర్లు మించకూడదు. పుష్‌రాడ్ అయితే 3.43 లీటర్ల దాకా వెళ్ళొచ్చు, బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) కూడా ఎక్కువ వాడుకోవచ్చు, పాదరసం లెక్కన 45 అంగుళాలకు బదులు 55. మామూలు కార్ల బ్లాక్‌తో చేసిన ఇంజిన్లకు చేయూతనివ్వడానికి పెట్టిన వెసులుబాటు అది. తర్వాత ఆ బ్లాక్ మామూలు కారుదే అయి ఉండాలన్న షరతు తీసేశారు. పెన్స్కే రేసు జట్టు, ఇంజిన్లు చేసే ఇల్మోర్ కంపెనీ ఇంజినీర్లు ఈ సందును పట్టుకున్నారు. రహస్యంగా, కేవలం ఆ రేసు కోసం, అప్పటిదాకా ఎవరూ చూడని పుష్‌రాడ్ ఇంజిన్ తయారు చేశారు. కామ్‌ను బ్లాక్‌లోనే వీలైనంత పైకి జరిపి పుష్‌రాడ్‌ను బాగా పొట్టి చేసేశారు. పుల్ల పొట్టిదైతే వంగదు! మెర్సిడెస్ పేరుతో వచ్చిన ఆ ఇంజిన్ వెయ్యి హార్స్‌పవర్ దాకా ఇచ్చింది. ఎమర్సన్ ఫిటిపాల్డి 145 ల్యాప్‌లు ముందుండి, ముగింపుకు 15 ల్యాప్‌లు ఉండగా గోడను గుద్దుకున్నాడు. పోల్ పొజిషన్ నుంచి, అంటే అందరికంటే ముందు చోటు నుంచి, బయలుదేరిన అల్ అన్సర్ జూనియర్ గెలిచాడు. వెంటనే ఆ వెసులుబాటును కుదించారు. ఆ ఇంజిన్ మళ్ళీ ఏ రేసులోనూ పరుగెత్తలేదు. ఇంజినీరింగ్ ఏమీ మారలేదు, నియమం మారింది.

ఇక గ్యారేజీ వైపు వద్దాం, ఎందుకంటే కారు కొన్నవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పుష్‌రాడ్ ఇంజిన్‌లో క్రాంక్‌కూ కామ్‌కూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, పొట్టి చెయిన్ చాలు. ఓవర్‌హెడ్ కామ్‌కు మాత్రం పైదాకా కదలికను మోసుకెళ్ళే పొడవైన చెయినో బెల్టో కావాలి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్లు, గైడులు కావాలి. రబ్బరు టైమింగ్ బెల్ట్ వచ్చాకే ఓవర్‌హెడ్ కామ్ చవక కార్లలోకి విరివిగా దిగింది. 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ మొదట దాన్ని 1004 కారులో వాడింది. చవక, చప్పుడు లేదు, ఆయిల్ అక్కర్లేదు. కానీ దానికి ఆయుష్షు ఉంది. బెల్ట్ తెగిన ఒక ఇంజిన్ హెడ్ విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. పిస్టన్ల తల మీద చంద్రవంకల్లా గుర్తులు, ఒక్కోదాని మీద రెండేసి. వాల్వులు దిగి తెరిచి ఉండగా కామ్ ఆగిపోయింది, పిస్టన్ ఆగకుండా పైకి వచ్చి వాటిని కొట్టింది. వాల్వ్ కాడలు వంగిపోయి గైడుల్లోంచి బయటికి రానంటున్నాయి. అంతకు ముందు రోజు దాకా ఆ కారు చక్కగా నడిచింది, ఒక్క చప్పుడైనా చేయలేదు. బెల్ట్ మార్చే కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోయాయి, అంతే. అన్ని బెల్ట్ ఇంజిన్లలోనూ పిస్టన్, వాల్వ్ ఇలా తగలవు కానీ, మీ కారుది ఏ రకమో తెలుసుకోవడం మంచిది.

హెడ్ గాస్కెట్ (బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే పొర) పోయినప్పుడు పుష్‌రాడ్ సుఖం తెలుస్తుంది. రాకర్లు వదులు చేసి, పుష్‌రాడ్‌లను వరసగా తీసి పెట్టుకుని, హెడ్ ఎత్తేయవచ్చు. కామ్ తన చోటనే ఉంటుంది, టైమింగ్ కదలదు. ఓవర్‌హెడ్ కామ్‌లో హెడ్‌తో పాటు కామ్ కూడా లేస్తుంది కాబట్టి టైమింగ్ మార్కులు కలిపి మళ్ళీ పెట్టేదాకా టెన్షనే. కామ్‌ను తిప్పే పళ్ళ చక్రం ఒక్క పన్ను అటూఇటూ అయినా ఇంజిన్ సరిగ్గా నడవదు. పుష్‌రాడ్‌కూ తన కష్టాలున్నాయి. లిఫ్టర్ పాడైతే అది బ్లాక్ లోతుల్లో ఉంటుంది, చాలా ఇంజిన్లలో హెడ్ విప్పితే తప్ప బయటికి రాదు. అరిగిన లిఫ్టర్ తన కింది కామ్ ఉబ్బును కూడా తినేస్తుంది. అప్పుడు కామ్ మార్చాలంటే ఇంజిన్ ముందు భాగమంతా విప్పి దాన్ని కత్తిలా బయటికి లాగాలి. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వ్ దగ్గర సందు సరిచేయడం) సంగతికొస్తే, హైడ్రాలిక్ లిఫ్టర్లు, అడ్జస్టర్లు వచ్చాక రెండు రకాల్లోనూ అది పెద్ద సమస్య కాదు.

పుష్‌రాడ్ నిజంగా ఓడిపోయిన చోటు ఒకటుంది. దాని గురించి గ్యారేజీ వాదనల్లో తక్కువగా వింటాం. అది ఆర్‌పీఎం కాదు, పొగ. ఇవాళ్టి ఇంజిన్ ఇన్‌టేక్ వాల్వులు తెరిచే సమయాన్ని ఒక రకంగా, ఎగ్జాస్ట్ వాల్వుల సమయాన్ని ఇంకో రకంగా, నడుస్తూ నడుస్తూనే మార్చుకుంటుంది. ట్రాఫిక్‌లో ఒక లెక్క, హైవే మీద ఒక లెక్క, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇంకో లెక్క. కాలిన పొగను కొంచెం సిలిండర్‌లోనే ఉంచుకోవడం, ఇన్‌టేక్‌ను ఆలస్యంగా మూసి పెట్రోలు ఆదా చేయడం, ఇవన్నీ ఈ సర్దుబాటు మీదే ఆధారపడతాయి. రెండు కామ్‌లు వేరువేరుగా ఉంటే దేనికది తిప్పుకోవచ్చు. పుష్‌రాడ్‌లో అన్ని ఉబ్బులూ ఒకే కడ్డీ మీద ఉంటాయి, జరిపితే అన్నీ కలిసి జరుగుతాయి. 2008 డాడ్జ్ వైపర్ 8.4 లీటర్ల వీ10 దీనికి భలే ఉపాయం చేసింది. కామ్ లోపల ఇంకో కామ్ పెట్టి ఎగ్జాస్ట్ ఉబ్బులను విడిగా తిప్పింది. అబ్బురమే, కానీ అంత చాకిరీ చేసి రెండో కామ్ చేసే పనినే చేయడం కదా అనిపిస్తుంది. అలాగే చిన్న టర్బో ఇంజిన్లకు నడిమధ్య స్పార్క్ ప్లగ్, నాలుగు వాల్వులు దాదాపు తప్పనిసరి. చిన్న కార్లలో పుష్‌రాడ్ కనుమరుగైపోవడానికి ఇవీ కారణాలే. ఒక్క మినహాయింపు చెప్పాలి. తేలికగా నడిచేటప్పుడు కొన్ని సిలిండర్లను నిద్రపుచ్చే ఏర్పాటు పుష్‌రాడ్‌కు బాగా నప్పుతుంది. ఆయిల్ ప్రెషర్‌తో లిఫ్టర్ లోపలి పిన్నును వదిలేస్తే కామ్ తిరుగుతున్నా పుష్‌రాడ్ కదలదు, వాల్వ్ మూసే ఉంటుంది.

పెద్ద ట్రక్కుల లోకంలో లెక్క ఇప్పటికీ వేరే. ఫోర్డ్ 1990ల నుంచి తన పెద్ద పెట్రోలు ఇంజిన్లను ఓవర్‌హెడ్ కామ్‌కు మార్చుకుంటూ వచ్చింది. అలాంటి కంపెనీ 2020 సూపర్ డ్యూటీ ట్రక్కుకు కొత్తగా 7.3 లీటర్ల ఇంజిన్ కావలసి వచ్చినప్పుడు పుష్‌రాడ్‌కు తిరిగి వచ్చింది. దానికి ముందున్నది ఓవర్‌హెడ్ కామ్ వీ10. కొత్తది 5,500 ఆర్‌పీఎం దగ్గర 430 హార్స్‌పవర్ ఇస్తుంది. లీటరుకు 60 కూడా రాదు. వెనక బరువైన ట్రెయిలర్ కట్టుకుని కొండ ఎక్కే డ్రైవర్ ఆ లెక్క వేసుకోడు. ఆయనకు కావలసింది ఎక్సలరేటర్ తొక్కీ తొక్కగానే వచ్చే బలం, పదేళ్ళ తర్వాతా విప్పి బిగించుకోగల ఇంజిన్. ఆ ఇంజిన్ వాల్వ్ కవర్ తీసి చూస్తే రెండు వరసల్లో రాకర్లు, ఒక్కో రాకర్ కింద ఒక్కో పుష్‌రాడ్, మొత్తం 16.